రెండో బ్రేకు

గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో చింకి మళ్లీ చతికిలబడింది.

మావారు తాడు లాగారు. అది ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి, మెడ వెనక్కి బిగించి, రోడ్డుకు అతికించినట్టు ఉండిపోయింది. మెడపట్టీ చెవుల దాకా జరిగి మొహమంతా ముడతలు పడింది. చూడ్డానికి అలిగిన ముసలమ్మలా ఉంది.

"లే! లెమ్మంటుంటే!"

కిటికీ పక్కన మిషను మీద ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తూ నేను చూస్తున్నాను. సూది కుట్టు కుట్టుకీ నా పళ్లు బిగుసుకుంటున్నాయి.

"అలా లాగితే లేవదండీ" అన్నాను కిటికీలోంచి.

"నువ్వు కుట్టుకో. ఊళ్లో సగం మందికి బండి నేర్పాను. కుక్కకి నడక నేర్పలేనా?"

ఈ వారమంతా ఆ ఒక్క ముక్కే వింటున్నాను. మావారు డ్రైవింగ్ మాస్టారు. తెల్ల కారు, నెత్తిన పసుపు బోర్డు, ఆయన కూర్చునే వైపు కింద రెండో బ్రేకు. నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తే తొక్కడానికి పెట్టిందది. మావారు తప్పు చేసేదాకా ఆగరు. చేస్తారేమో అనిపిస్తే చాలు, తొక్కేస్తారు. "ఇన్నేళ్లలో నా బండికి ఒక్క గీత పడలేదు" అని చెప్పుకుంటారు. నిజమే, పడలేదు. పక్కింటి నర్సమ్మ ఆయన దగ్గరే నేర్చుకుని, సొంత కారు కొనుక్కుని, మొదటి రోజే వీధి చివర గోడకు గుద్దింది. నుదుటి మీద బొప్పితో మా ఇంటికొచ్చి, "ఏం చెప్పను వదినా, మాస్టారు పక్కనుంటే ఆగాల్సిన చోటల్లా బండి దానంతటదే ఆగేది. బండికే తెలివుందనుకున్నా. బ్రేకు నేను తొక్కాలని ఎవరికి తెలుసు?" అంది. ఆ రోజు ఇద్దరం కడుపుబ్బ నవ్వాం.

ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. రోడ్డు మీద ఆయన తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, పొట్టిగా పట్టుకుని, "స్లో... స్లో... స్టాప్!" అంటున్నారు. కూర్చున్న కుక్కను స్టాప్ అనడం ఏమిటో!

చింకి వానాకాలంలో ఆ కారు కిందే దొరికింది. ఒక చెవి సగం చిరిగి ఉంది, అందుకే చింకి అయింది. నేను పిలవలేదు, బిస్కెట్టు వెయ్యలేదు. కారు కింద పడ్డ బట్టల సంచీ కోసం వంగితే కళ్లు కనబడ్డాయి. సంచీ తీసుకుని మెట్లెక్కితే వెనకే వచ్చింది. అప్పటినుంచి నా వెనకే ఉంది. మిషను ముందు కూర్చుంటే నా పాదాల మీద గడ్డం పెట్టి పడుకుంటుంది. డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే మెట్టు మెట్టుకీ ఆగి నా మొహం చూసి ఎక్కుతుంది. ఇంట్లో నేను ఎటు నడుస్తున్నానో గమనించే ప్రాణి అదొక్కటే.

అలాంటిది మెడకు తాడు పడితే రాయి అయిపోతుంది. బయటికి నడవదు కాబట్టి పని పెరట్లోనే కానిస్తుంది. పెరడంటే ఓనరమ్మ పూలకుండీలు. ఆవిడ కింద వాటాలో ఉంటుంది. మొన్న సోమవారం చెప్పులేసుకోకుండా తోటలోకి దిగి, అడుగు పెట్టకూడని చోట పెట్టింది. ఆ అరుపుకు పై వాటాలో మా గిన్నెలు మోగాయి.

"ఆదివారం చూస్తాను. అది వీధిలోకి నడుచుకుంటూ పోయి రావాలి. లేకపోతే కుక్కన్నా పోవాలి, మీరన్నా పోవాలి" అంది.

నేను నోరు విప్పేలోపే మావారు, "కుక్కే పోతుందిలెండి" అన్నారు.

ఆ 'లెండి' నాకు ముల్లులా దిగింది.

ఎక్కడికి పోతుందో కూడా ఆయన అప్పుడే ఆలోచించి పెట్టుకున్నారు. రైలు పట్టాల అవతల గోడౌన్ ఉంది. దాని యజమాని కొడుక్కి మావారే బండి నేర్పారు. ఆయనకు కాపలా కుక్క కావాలట. ఆ గోడౌన్ నాకు తెలుసు. కాపలావాళ్ల యూనిఫారాలు నా దగ్గరే కురచ చేయిస్తారు. ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. గేటు పక్కన ఇనపగుంజ, గుంజకు గొలుసు, గొలుసు పొడవున నేల మీద గుండ్రంగా ఒక చార. గడ్డి మొలవకుండా అరిగిపోయిన చార. పాత కుక్క చచ్చిపోయింది. చార మాత్రం అలాగే ఉంది.

"దాన్ని అక్కడికి పంపనివ్వను" అన్నాను మర్నాడు రాత్రి అన్నాల దగ్గర.

"పంపడం పంపకపోవడం నా చేతిలో ఏముంది? నడిస్తే ఉంటుంది. నేర్పుతున్నాగా!"

"మీరు నేర్పడం లేదు. ఈడుస్తున్నారు."

"ఒరేయ్, కుక్క తోక వంకర తియ్యగలరేమో గానీ, మీ ఇద్దరి వంకర తియ్యడం ఎవరి తరమూ కాదు. చారు ఇటు జరుపు" అంది అత్తయ్య.

ఆవిడ ఎవరి పక్షమో ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తెలియదు.

పొద్దుటి పూట ఒకసారి నేనూ ప్రయత్నించాను. తాడు పట్టుకుని బతిమాలాను, బుజ్జగించాను, చివరికి లాగాను. లాగాక చూసుకుంటే తాడు నా మణికట్టుకు కూడా రెండు చుట్లు తిరిగి ఉంది. ఎప్పుడు చుట్టుకున్నానో నాకే తెలియదు. ఆయన్ని చూసి చూసి నా చేతికీ అంటుకుందన్నమాట. చింకి నన్ను చూసిన చూపుకు నా మీద నాకే ఒళ్లు మండింది. దాన్ని ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

శనివారం సాయంత్రం ఆయన ఆఖరి పాఠం పెట్టుకున్నారు. గేటు దగ్గర లాభం లేదని, దాన్ని చంకన వేసుకుని టీ కొట్టు దాకా మోసుకెళ్లి అక్కడ దింపారు. ఇంటికి మొహం పెట్టిస్తే నడుస్తుందని ఆయన లెక్క. టీ కొట్టు మా కిటికీకి ఎదురు వరసలో, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. ఆ వేళకి అక్కడ బల్లలన్నీ నిండి ఉంటాయి.

దింపగానే తాడు బిగించారు. అది కూర్చుంది. లాగారు. పడుకుంది. ఇంకా లాగారు. పడుకున్నది పడుకున్నట్టే రోడ్డు మీద జారింది.

"మాస్టారూ, గేరు పడటం లేదా?" ఎవరో అరిచారు.

"హ్యాండ్ బ్రేకు వేసి ఉందేమో చూడండి!"

"బ్యాటరీ డౌనయినట్టుంది, నలుగురం వెనకనుంచి తోద్దామా మాస్టారూ?"

బల్లలన్నీ నవ్వాయి. మావారికి నలుగురిలో పరువంటే ప్రాణం. ఆ నవ్వు తన మీదినుంచి ఎటైనా మళ్లించాలి. నాకు ఆయన వీపే కనిపిస్తోంది గానీ, ఏం చెప్పబోతున్నారో ఆ వీపు చూస్తేనే తెలిసిపోయింది.

"మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇదే జబ్బండీ" అన్నారు గొంతు పెంచి. "పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి బండి నేర్పుదామని కూర్చోబెట్టాను. నడిరోడ్డు మీద కారాపి, తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడిచిపోయింది! వెనక బస్సు హారన్ కొడుతోంది, ముందు ఈవిడగారు చెప్పులు టకటకలాడించుకుంటూ... ఆ బుద్ధే దీనికీ వచ్చింది!"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

ఆ కథ ఆయన చెప్పని పెళ్లి లేదు, చెప్పని పేరంటం లేదు. చెప్పినప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని. అందులో చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు నేను కారాపలేదు. నేను ఎప్పుడూ ఆపలేదు. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పబోతే ఆయన బ్రేకు తొక్కారు. కుక్క అడ్డం రాకముందే తొక్కారు, సైకిలు దగ్గరికి రాకముందే తొక్కారు, నేను ఊపిరి పీల్చుకుంటే తొక్కారు. తొక్కిన ప్రతిసారీ "చూశావా, ఇప్పుడు గుద్దేసేదానివి" అన్నారు. నేను దేన్నీ గుద్దలేదు. గుద్దే అవకాశం ఇస్తే కదా, గుద్దనని తెలిసేది! ఆగి ఉన్న కారులోంచి దిగి నడిచాను. అంతే.

కిందికి చూస్తే ప్యాంటు కాలు మూతి అడ్డంగా కుట్టేసి ఉంది. ఇంతవరకూ ఎవరి బట్టా పాడుచెయ్యని నేను, ఒకాయన కాలు దూరకుండా కుట్టేశాను. అది విప్పుదామని కత్తెర తీశాను. తీసిన కత్తెరతోనే మెట్లు దిగాను.

"ఏమే, ఎక్కడికే ఆ కత్తెరతో?" అత్తయ్య వెనకనుంచి కేక వేసింది.

రోడ్డు దాటాను. నన్ను చూసి బల్లల మీద నవ్వు మెల్లగా ఆరిపోయింది. మావారు మాత్రం, "ఇదిగో వచ్చింది పెద్ద స్టూడెంటు" అన్నారు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే చింకికీ ఆయనకూ మధ్య బిగుసుకున్న తాడులో కత్తెర పెట్టి కత్తిరించేశాను. గట్టి తాడు. రెండు పట్లు పట్టింది. తెగేసరికి ఆయన రెండడుగులు వెనక్కి తూలి బల్లను పట్టుకున్నారు.

"నీకేమన్నా పిచ్చా! బండ్ల కింద పడి చస్తుందది!"

"నేను బస్సు కింద పడ్డానా?"

"ఏమిటి?"

"ఆ రోజు వెనక బస్సు ఉందన్నారుగా. నేను పడ్డానా అని అడుగుతున్నా."

టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు.

"ఆ కథ ఇంకోసారి ఎవరికైనా చెప్పే ముందు, బ్రేకు మీద ఎవరి కాలు ఉందో కూడా చెప్పండి. అది చెప్పకపోతే నేనొచ్చి చెప్తా. మీరు చెప్పే ప్రతి చోటికీ వచ్చి చెప్తా."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఇంకో క్షణం అక్కడ నిలబడితే ఏడుపొస్తుంది, వస్తే మళ్లీ అదొక కథ అవుతుంది. వెనక్కి తిరిగి నడిచాను. చింకిని పిలవలేదు. కోపంలో దాని సంగతే మరిచిపోయాను.

గేటు దగ్గరికి వచ్చి తిరిగి చూస్తే అది నా వెనకే ఉంది.

టీ కొట్టు దగ్గర్నుంచి గేటు దాకా, ఆ రోడ్డంతా నడిచి వచ్చింది. తెగిన తాడు దాని మెడనుంచి వేలాడి నేలకు రాసుకుంటోంది. ఒక్కచోటా కూర్చోలేదు. నేను అక్కడే నిలబడి ఆ ముక్కవంక చూశాను. పట్టీ మెడకే ఉంది, తాడూ దానికే ఉంది. రెండో కొస మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

దానికి తాడంటే భయం లేదు. లేచి అడుగెయ్యబోతే మెడ మీద పడే ఆ పీకుడు భయం. అడుగేస్తే పీకుడు, కూర్చుంటే బతిమాలడం. తెలివి ఉన్నదేదైనా కూర్చుంటుంది.

సాయంత్రం మిగిలిన పనంతా పక్కన పెట్టి, బ్యాగులకు కుట్టే నల్ల పట్టా తీసి కొత్త తాడు కుట్టాను. మనిషి రెండు చేతులూ చాచినా మిగిలేంత పొడవు పెట్టాను. మెడపట్టీ విప్పి చూస్తే కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. మందు రాసి, పట్టీ లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టాను. మావారు వచ్చి, కంచం తనే పెట్టుకుని, తనే తిని, "రేపు తొమ్మిదింటికి గోడౌన్ ఆయన వ్యాను పంపిస్తానన్నాడు" అని గోడకు చెప్పి పడుకున్నారు. నేనూ గోడకే చెప్పాను, "వస్తే రానివ్వండి" అని.

ఆదివారం పొద్దున్న వ్యాను చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. గోడౌన్ ఆయన స్వయంగా దిగి, గొలుసు చేతికి చుట్టుకుని, దాన్ని గలగలలాడించుకుంటూ నిలబడ్డాడు. ఓనరమ్మ పూలకుండీల దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని ఉంది. అత్తయ్య మెట్ల మీద కూర్చుంది. మావారు కారు తుడుస్తున్నారు. నిన్న తుడిచిందే మళ్లీ తుడుస్తున్నారు.

నేను చింకికి కొత్త తాడు కట్టి గేటు తీశాను. తాడు వదులుగా వదిలాను. గేటు దాటాం. నాలుగడుగులు. చింకి చతికిలబడింది.

"ఇంకేం నడుస్తుంది!" అన్నాడు గోడౌన్ ఆయన.

నేను లాగలేదు. పిలవలేదు. దాని మొహం వైపు కూడా చూడకుండా, వెళ్లాల్సిన వైపు తిరిగి నిలబడ్డాను. తాడు మా ఇద్దరి మధ్య నేల మీద పాములా పడి ఉంది. చేతిని నేనే కాపలా కాస్తున్నాను, ఎక్కడ బిగుసుకుంటుందోనని.

"కొంచెం లాగమ్మా, లేస్తుంది" అంది ఓనరమ్మ.

"బిస్కెట్టు చూపించు" అంది అత్తయ్య.

"ఎందుకమ్మా టైం వేస్టు, నాకిచ్చెయ్యండి. రెండ్రోజులు కట్టేస్తే అదే దారికొస్తుంది" అన్నాడు గోడౌన్ ఆయన.

"అందరూ నోళ్లు మూసుకుంటారా!" అన్నాను.

ఓనరమ్మను ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్లెవరూ అంత మాట అని ఉండరు. ఆవిడ చెయ్యి నడుం మీదినుంచి జారింది. మావారి చేతిలో గుడ్డ ఆగింది.

"ఒక్కళ్లన్నా కాసేపు దాన్ని ఏమీ అనకుండా ఉండగలరా? ఎప్పుడూ ఎవరో ఒకరు లాగడమేనా? అది నడుస్తుందో లేదో తేల్చుకోవాల్సింది అది. దాని కాళ్లు అవి."

స్కూటరు ఒకటి హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. నేను కదల్లేదు. ఎండ మెడ మీద చురుక్కుమంటోంది. నడవకపోతే ఏం చేస్తానో నాకు తెలుసు. ఆ గొలుసు అందుకుని వ్యానులోకి విసిరేసి, కుక్కతో పాటు సామాను సర్దుకుంటాను. ఆ సంగతి మావారికి ఇంకా చెప్పలేదు, అంతే.

నా పిక్కకు తడిముక్కు తగిలింది.

చింకి లేచి నిలబడి ఉంది. ఒక అడుగు వేసి ఆగి, పీకుడు కోసం చూసింది. రాలేదు. ఇంకో అడుగు వేసింది. అప్పుడు నేనూ వేశాను. కరెంటు స్తంభం వాసన చూసింది, చూడనిచ్చాను. వ్యాను చక్రం వాసన చూసి, దానికి ఇవ్వాల్సింది దానికి అక్కడే ఇచ్చింది. అత్తయ్య పెద్దగా నవ్వింది. వీధి చివర ఖాళీ స్థలం దాకా వెళ్లి, మిగతాది అక్కడ కానిచ్చి, తిరిగి గేటు దాకా వచ్చాం. దారిలో ఇంకో రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ నేను నిలబడ్డాను.

ఓనరమ్మ చూడాల్సింది చూసింది. "సరే, ఉండనివ్వు. కానీ నన్ను నోరు మూసుకోమన్నావు, అది గుర్తుంటుంది" అని లోపలికి వెళ్లింది. గోడౌన్ ఆయన గొలుసు వ్యానులో పడేసి, చక్రం వంక అసహ్యంగా చూసి వెళ్లిపోయాడు.

అంతటితో అయిపోతే నా కోపం కూడా దిగేదేమో.

"చూశావా?" అన్నారు మావారు గుడ్డ దులుపుతూ. "వారం రోజులు నేను పడ్డ కష్టం ఇప్పటికి ఒంటబట్టింది. పాఠం ఎప్పుడూ అంతే, నిదానంగా దిగుతుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అరవలేదు. ఆయన దగ్గరికి వెళ్లి, గుడ్డ లాగేసి, తాడు చేతిలో పెట్టాను.

"అయితే మీ స్టూడెంటును మీరే తిప్పుకురండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన తాడు అందుకున్నారు. గేటు దాటకముందే చెయ్యి తనంతట తనే రెండు చుట్లు తిరిగింది. తాడు బిగిసింది. చింకి కూర్చుంది. టీ కొట్టు బల్లల మీది తలలన్నీ ఇటు తిరిగాయి.

"విప్పండి" అన్నాను.

ఒక చుట్టు విప్పారు.

"రెండోది."

"పరిగెత్తితే?"

"పరిగెత్తాక చూద్దాం. ముందు విప్పండి."

విప్పారు. తాడు నేలకు జారింది. చేతిలో బిగువు లేకపోయేసరికి ఆ చెయ్యి ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. గాల్లో అలాగే పట్టుకుని నిలబడ్డారు. చింకి ఆయన్ని కిందనుంచి పైకి ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగి, ఇంకాస్త వెసులుబాటుగా సర్దుకుని కూర్చుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

"ఏమీ చెయ్యకూడదు. అదే పాఠం."

"ఎంతసేపు?"

నేను పైకి వచ్చేశాను. మిషను మీద మూతి కుట్టేసిన ప్యాంటు కాలు అలాగే ఉంది. కత్తెర తీసి ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టాను. కిటికీలోంచి, "మాస్టారూ, బండాగిపోయిందా?" అన్న కేక వినబడింది. ఆయన జవాబివ్వలేదు. ఇంకెవరో నవ్వారు. దానికీ జవాబివ్వలేదు.

"ఒసేయ్, ఎండలో నిలబడ్డాడే వాడు, గొడుగన్నా ఇచ్చిరానా?" అంది అత్తయ్య తలుపు దగ్గర్నుంచి.

"రెండో చేతికి కూడా పనేమీ పెట్టకండి అత్తయ్యా."

ఆవిడ నా మొహం చూసి, గొడుగు మూలన పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. నేను చివరి కుట్టు విప్పి, దారం ఊడదీసి, ప్యాంటును మళ్లీ మొదటినుంచి కొలత పెట్టాను. నాకు కోపం తగ్గలేదు. కొలత మాత్రం ఈసారి తప్పలేదు.

కిటికీ కింద ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. లాగుతున్న చప్పుడు మాత్రం రావడం లేదు.